గసగసాల పాయసం మీద పెట్టిన కేసు

పండగ రోజు మా ఇంట్లో భోజనాలయ్యాక మనుమలు ఎక్కడివాళ్ళక్కడ చాపల మీదా సోఫాల మీదా పడిపోతారు. అందులో పెద్దవాడు కళ్ళు మూసుకునే "తాతా, దీన్ని ఫుడ్ కోమా అంటారు" అని నాకు పాఠం చెప్పి, నేను జవాబిచ్చే లోపల గురక పెడతాడు. కోమా అనే మాటను ఇంత తేలిగ్గా వాడే పిల్లలకు ఒక సంగతి చెప్పాలని చాలాకాలంగా ఉంది. నా ఉద్యోగంలో ఒకసారి ఇదే నిద్రను పోలీసువాళ్ళు నేరం కింద రాశారు. రాయడమే కాదు, ఒక మనిషిని పట్టుకుపోయారు.

నేను కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల ఆసుపత్రుల్లోనే నా సర్వీసంతా గడిచింది. కాంపౌండరంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. డాక్టరు చీటీ రాస్తే, సీసాలో మందు కలిపి, "కదిలించి తాగల్లప్పా" అని చెప్పి పంపేవాడు. రోగి కదిలించకుండా తాగి, తగ్గలేదని మళ్ళీ వచ్చి కాంపౌండరునే తిట్టేవాడు. ఉద్యోగమంటే ముఖ్యంగా అదే.

అరవైల మొదట్లో నన్ను ధర్మవరానికి దగ్గర్లోని ఒక మగ్గాల ఊరికి వేశారు. ఊరి పేరు రాయను. మా కోడలి పుట్టినూరు అదే, ఆ ఇంట్లో నేను ఇంకా అన్నం తినాల్సి ఉంది. ఆసుపత్రి అంటే రెండు గదులూ ఒక వరండా. డాక్టరు గారు మద్రాసులో చదువుకున్నాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. మంచి మనిషి. కాకపోతే ఏది అడిగినా "దాదాపు" అనేవారు. జ్వరం తగ్గిందా అంటే దాదాపు తగ్గింది. బిడ్డ పుట్టిందా అంటే దాదాపు పుట్టింది. అబద్ధం నోటి నుంచి రాకూడదని ఆయనకు పట్టుదల, అందువల్ల నిజం కూడా పూర్తిగా వచ్చేది కాదు.

ఆ ఏడాది ఉగాదికి కొంచెం ముందు ఊరికి కొత్త సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా అబ్బాయి, మీసం ఇంకా కుదురుకోలేదు. మద్యనిషేధం ఉన్న రోజులవి, మత్తు అన్న మాట వినబడితే చాలు పోలీసువాళ్ళ చెవులు నిక్కబొడుచుకునేవి. ఆ పైన మా వైపు ఉగాది రోజు పేకాట ఒక ఆచారం. పూజ మానినా మానతారు గానీ పేకాట మానరు. పాత ఇన్‌స్పెక్టర్లు ఆ ఒక్క రోజూ ఇంట్లో ఉండి ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేవాళ్ళు. ఈయనకు ఒంట్లో బాగానే ఉంది. వీధిలోకి వచ్చాడు.

ఊళ్ళో ఒక షావుకారు ఉండేవాడు. నేసేవాళ్ళకు పట్టూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునే ఆసామి. ప్రతి ఉగాదికీ తన మగ్గాలవాళ్ళందరినీ పిలిచి భోజనం పెట్టేవాడు, భోజనం తర్వాత మగ్గాల సాలలోనే పేకాట. సబ్ ఇన్‌స్పెక్టరుకు ఆ కబురు అందింది. హెడ్ కానిస్టేబులును వెంటబెట్టుకుని వెళ్ళి సాల తలుపు తోశాడు.

లోపల పాతిక ముప్పైమంది మనుషులు పడి ఉన్నారు. మావి గుంత మగ్గాలు. నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్ళు గుంతలో పెట్టుకుంటాడు. కొందరు అలాగే కాళ్ళు గుంతలోకి వేలాడేసి, వెనక్కి ఒరిగి, నోరు తెరిచి ఉన్నారు. మధ్యలో పేకముక్కలు పంచి ఉన్నాయి. ఒకాయన తన ముక్కలను విసనకర్రలాగా విప్పి గుండెల మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఎవరూ ఒక్క ముక్క కూడా వేయలేదు. సబ్ ఇన్‌స్పెక్టరు ఒకణ్ణి కుదిపితే అతను "రేపు ఇస్తాలేప్పా" అని అటు తిరిగాడు.

హెడ్ కానిస్టేబులు స్థానికుడు, అనుభవం ఉన్నవాడు. కేసుకు పునాది వేసింది ఆయనే.

"సార్, నా సర్వీసులో ఉగాది నాడు ముక్కలు పంచినంక ఎవురూ పండుకునింది లేదు. ఈడ ఏందో జరిగిండాది" అన్నాడు.

పెరట్లోకి వెళ్ళి చూస్తే అక్కడ ఒక్క మనిషి మాత్రం మెలకువగా ఉంది. బావి దగ్గర కూర్చుని పెద్ద గంగాళం తోముతోంది. ఆమె హిందూపురం నుంచి షావుకారు పిలిపించుకున్న వంటమనిషి. నలభై దాటిన మనిషి, భర్త పోయాడు, పెళ్ళిళ్ళకూ పండగలకూ వంటలు చేసి బతికేది. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేది.

"ఏం వండావు?" అని అడిగాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"ఓళిగలు, చిత్రాన్నం, కోసంబరి, వంకాయ పల్యం, చారు, గసగసాల పాయసం సామీ."

"గసగసాలు ఏ చెట్టువో తెలుసా?"

"అంగడివి సామీ."

ఈ జవాబు ఆయనకు తెలివిమీరిన జవాబులాగా కనిపించింది. గసగసాలు నల్లమందు మొక్క గింజలని ఆయనకు తెలుసు, ట్రైనింగులో చెప్పారు. తిన్నవాళ్ళందరూ పడిపోయి ఉన్నారు. వండినామె మాత్రం లేచి ఉంది. పక్క గదిలో పట్టు పెట్టెలున్నాయి. మత్తు పెట్టి సరుకు ఎత్తుకుపోయే ముఠా అన్నమాట, ముఠాలో తక్కినవాళ్ళు ఇంకా వచ్చి చేరలేదు, అంతే. కేసు గంగాళం తోమడం పూర్తయ్యే లోపలే తయారైంది.

ఆసుపత్రికి కబురు వచ్చేసరికి మా డాక్టరు గారు కూడా ఓళిగలు, అంటే బొబ్బట్లు, తిని వాలుకుర్చీలో ఉన్నారు. కానిస్టేబులు రొప్పుతూ "విషం సార్, ఊరంతా పడిపోయినారు" అంటే ఆయన "దాదాపు వస్తున్నా" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను చల్లనీళ్ళు తెచ్చి ఇచ్చి, కడుపు కడిగే రబ్బరు గొట్టం, గరాటు, బకెట్టు సర్దుకుని, ఆయన్ను నడిపించుకుపోయాను.

సాలలో మొదట కనిపించినాయన నోట్లో గొట్టం పెట్టబోయాను. ఆయన లేచి నా చెంప మీద ఒకటిచ్చి మళ్ళీ పడుకున్నాడు. విషం తిన్నవాడికి ఇంత బలం ఉండదని డాక్టరు గారు సంతోషించారు. నేను గొట్టం చుట్టి పెట్టేశాను.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ డాక్టరు గారు పద్ధతి గల మనిషి, కళ్ళు కూడా చూస్తానన్నారు. నల్లమందు తిన్నవాడి కంటిపాప సూదిమొనంత అయిపోతుందని వైద్యపుస్తకాల్లో ఉంటుంది. నిద్రలో ఎవరి కంటిపాపైనా చిన్నదవుతుందని కూడా అందులో ఎక్కడో ఉండే ఉంటుంది, ఆ పేజీ మాత్రం ఆ మధ్యాహ్నం ఆయనకు గుర్తు రాలేదు. నేను టార్చి పట్టుకున్నాను, ఆయన ఒక్కొక్కరి రెప్పా ఎత్తి చూశారు. అన్నీ చిన్నవే. ఆయన మొహం కూడా చిన్నదైంది.

"గసగసాల్లో నల్లమందు ఉంటుందా, ఉండదా?" అని అడిగాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"ఉండేది కాయ గీస్తే కారే పాలలో. గింజల్లో దాదాపు ఉండదు" అన్నారు డాక్టరు గారు.

"దాదాపు అంటే కొంచెం ఉంటుందన్నమాట" అని ఆయన రాసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరే ఆవులించుకుంటూ లేచారు. ఎవరికీ ఏమీ కాలేదు. షావుకారు లేచీ లేవగానే పట్టు పెట్టెల దగ్గరికి పరిగెత్తాడు, ఒక్క పోగు పోలేదు. అయినా ఆమె గురించి అడిగితే "నాకేం తెల్సప్పా, హిందూపురంలో ఎవురో చెప్తే పిలిపిచ్చినా" అని పక్కకు తప్పుకున్నాడు. ఇంకా తోమని పాయసం తపేలా అడుగున కొంచెం గీకి, నా దగ్గర ఖాళీ మందు సీసా తీసుకుని, అందులో పోసి లక్కముద్ర వేశారు. కెమికల్ ఎగ్జామినరుకు పంపుతారు. ఆ జవాబు రావడానికి నెలలు పడుతుంది. అంతవరకూ ఆమె సబ్ జైల్లో ఉండాలి.

ఉగాది తర్వాతే పెళ్ళిళ్ళ కాలం. ఏడాదికి సరిపడా ఆమె తిండి ఆ రెండు మూడు నెలల్లోనే పుట్టాలి. జైలు ఒక ఎత్తు, మా వైపు "మందు పెట్టింది" అనే మాట ఇంకొక ఎత్తు. ఆ మాట ఒకసారి అంటుకుంటే ఇక ఆమె చేత్తో మంచినీళ్ళు కూడా ఎవరూ తాగరు. ఆ రాత్రి ఆమెను స్టేషను వరండాలో కూర్చోబెట్టారు. మర్నాడు పొద్దున నేను మందు ఇచ్చే నెపంతో వెళ్ళి చూస్తే, స్తంభానికి ఆనుకుని, చీర కొంగు గట్టిగా చుట్టుకుని కూర్చుని ఉంది. "నేనేం మందు పెట్టలేదప్పా, నాకు ఆ మందులు గొత్తే లేదు, తెలీనే తెలీదు" అంది. నాకు చాలా బాధ వేసింది. ఇవ్వడానికి నా దగ్గర దగ్గు మందు తప్ప ఏమీ లేదు.

అదే రోజు మధ్యాహ్నం, ఎండకు లోపలి పాయసం పులిసి, సీసా బిరడా లక్కముద్రతో సహా ఎగిరి స్టేషను గోడకు కొట్టుకుంది. సాక్ష్యమంతా గోడ మీదికి పోయింది. చీమలు వచ్చాయి.

సబ్ ఇన్‌స్పెక్టరు దిగాలుగా ఆసుపత్రికి వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. మొదటి కేసు, తప్పు చేశానేమోనన్న భయం ఒక పక్క, చేయలేదని నిరూపించుకోవాలన్న ఆరాటం ఒక పక్క. మా డాక్టరు గారు కూడా ముందు రాత్రి నిద్రపోలేదని నాకు తెలుసు. ఆయన మొదటిసారి "దాదాపు" అన్న మాట లేకుండా మాట్లాడారు.

"కోర్టులో ఒక్క ప్రశ్న వేస్తారు నాయనా. ఆ పాయసం తాగకపోయుంటే వాళ్ళు నిద్రపోయేవాళ్ళు కాదా అని. ఏం చెప్తావు?"

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అయితే చూద్దాం. అదే వంట, అదే మనిషి, అదే వేళ. రెండు బంతులు వేద్దాం. ఒక బంతికి పాయసం పోద్దాం, ఒక బంతికి వద్దు."

ఈ కాలంలో దీన్నే పెద్ద పరిశోధన అంటారు. మాకు ఆ రోజు అది ఉగాది మిగులు పప్పులతో జరిగింది. ఖర్చు షావుకారు పెట్టుకున్నాడు. షావుకారు విందులో మందు కలిపారట అని జనం అనుకుంటున్న మాట అప్పటికి ఆయన చెవిన కూడా పడింది.

మూడో రోజు ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఆమె తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది. హెడ్ కానిస్టేబులు పక్కనే స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. ప్రతి గిన్నెలోదీ రుచి చూడటం తన డ్యూటీ అని ఆయనే నిర్ణయించుకున్నాడు, ఒకటికి రెండుసార్లు చూశాడు. ఊళ్ళోవాళ్ళు మత్తుమందు భోజనానికి రారేమోనని మేము భయపడ్డాం. పిలిచినవాళ్ళూ వచ్చారు, పిలవనివాళ్ళూ వచ్చారు. అందరూ ఆ రోజు లాగానే తలంటుకుని రావాలని డాక్టరు గారి షరతు. నిగనిగలాడుతూ వచ్చారు.

వరండాలో రెండు బంతులు కూర్చున్నాయి. గొడవ వెంటనే మొదలైంది.

"మాకు పాయసం ఎందుకు పొయ్యరప్పా? మేమేం పాపం జేసినాం?" అని లేచాడు రెండో బంతిలో ఒకాయన.

"అది పరీక్ష. మీరు లేచినాక పోస్తాం" అన్నాను.

"మేమెందుకు లేస్తాం? మేం పండుకోం గదా? మందు లేదు గదా మాకు?"

తర్కం సరిగ్గానే ఉంది. డాక్టరు గారు ఆయన్ను కూర్చోమన్నారు. సబ్ ఇన్‌స్పెక్టరు కూడా రెండో బంతిలోనే, చివర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాయసం ముట్టను, రెప్ప వాల్చను అని అందరి ముందూ చెప్పాడు. డాక్టరు గారు మొదటి బంతిలో కూర్చున్నారు. నాకు ఏమీ పెట్టవద్దన్నారు. ఎవరో ఒకరు ఖాళీ కడుపుతో ఉండి చూడాలట. నా సర్వీసులో నాకు అప్పగించిన పనుల్లో అంత కష్టమైనది ఇంకొకటి లేదు.

రోజూ రాగి సంగటి తినే మనుషులు వాళ్ళు. ముందటి ఏడాది వానలు లేక సంగటి కూడా ఒంటిపూటే తిన్న ఇళ్ళున్నాయి. తెల్లన్నం, నెయ్యి కారే ఓళిగలు, ఆగకుండా వడ్డిస్తుంటే తలలెత్తకుండా తిన్నారు. తిన్న తర్వాత కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత మాటలు తగ్గాయి. మొదటి బంతిలో ఒకాయన ఒరిగాడు. నేను రాసుకున్నాను. వెంటనే రెండో బంతిలో ఇద్దరు. ఇందాక తర్కం మాట్లాడినాయన గోడకు ఆనుకుని "నేను పండుకోలే, కండ్లు మూసుకున్యా, అంతే" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు. డాక్టరు గారు కంటిపాపలు చూడటానికి లేవబోయి, లేవలేదు. కుర్చీలో సబ్ ఇన్‌స్పెక్టరు నిటారుగానే ఉన్నాడు, తల ఒక్కటే ముందుకు వచ్చేసింది. టోపీ జారి విస్తరిలో పడింది. హెడ్ కానిస్టేబులు తీద్దామని వంగబోయి, అధికారి టోపీని చెప్పకుండా ముట్టుకోవచ్చో లేదో తేల్చుకోలేక, అక్కడే కూర్చుని తానూ నిద్రపోయాడు.

పాయసం తాగినవాళ్ళూ తాగనివాళ్ళూ ఒకే గురక. చెప్పుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది, ఏమీ తినని నాకు కూడా ఆ వేళకు కళ్ళు మూతలు పడబోయాయి.

తిన్నాక రక్తమంతా కడుపుకు పోతుంది, మెదడుకు తగ్గుతుంది, అందుకే నిద్ర అని డాక్టరు గారు మాకు చెప్పేవారు. నేను కూడా ఎందరికో చెప్పాను. రిటైరయ్యాక హిందూపురంలో ఒక డాక్టరమ్మను అడిగితే నవ్వి, మెదడు తన రక్తం ఎవరి కోసమూ వదులుకోదు తాతా అంది. పిండి పదార్థాలూ తీపీ బాగా తింటే రక్తంలో చక్కెర పెరుగుతుందట, దాని వెంబడి మెదడులో నిద్ర పుట్టించే సరుకు తయారవడం సులువవుతుందట. నిండిన పేగులు కూడా మెదడుకు కబురు పంపుతాయట. అది కాక మధ్యాహ్నం ఒక వేళకు ఒళ్ళు తనంతట తానే మగతగా అవుతుంది, తిన్నా తినకున్నా. తలంటు, ఎండ, పండగని ముందురోజు రాత్రి మేలుకోవడం, అన్నీ దానికి తోడు. ఇంకొకటి కూడా చెప్పింది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మెదడులో మనిషిని మేలుకొలిపి ఉంచే పదార్థం ఒకటి పని చేస్తుందట, పోయి తిండి వెతుక్కోమని. అది సద్దుమణగాలంటే తినాలి.

ముందుగా లేచింది సబ్ ఇన్‌స్పెక్టరు. టోపీ కోసం తడుముకుని, విస్తరిలో చూసుకుని, చుట్టూ చూశాడు. తన బంతి మొత్తం పడుకుని ఉంది. పెరట్లో గిన్నెల చప్పుడు వినబడింది. లేచి అటు నడిచాడు, నేను వెనకే వెళ్ళాను. ఆమె బూడిదతో గంగాళం తోముతోంది.

"అందరూ పడుకున్నారు. నువ్వు ఎందుకు పడుకోలేదు? ఆ రోజూ పడుకోలేదు" అన్నాడు. ఈసారి అది విచారణ కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

ఆమె చెయ్యి ఆపింది.

"తింటే గదా సామీ నిద్రొచ్చేది" అంది.

"తినలేదా?"

"వండినోళ్ళం అందురికంటే కడాకు తింటాం. ఆ పొద్దు ఏమీ మిగల్లేదు. ఈ పొద్దు గూడా జనం ఎక్కువొచ్చిరి." అని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. ఫిర్యాదు లేదు ఆ గొంతులో. చారులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే చెప్పింది.

అతను కేసు రాసింది ఆ ఒక్క సంగతి మీదే. అందరూ పడిపోతే ఆమె మెలకువగా ఉంది, ఆ మెలకువ ఆకలిది. అతని మొహం చూడలేక నేను షెడ్డులోకి వెళ్ళి గిన్నెలు వెతికాను. అడుగున అన్నం ఉంది, కొంచెం చారు ఉంది. ఓళిగలు లేవు. రెండో బంతి కోసం దాచిపెట్టిన పాయసం మాత్రం తపేలా నిండుగా ఉంది. అప్పటికే లేచిన రెండో బంతివాళ్ళు దాని కోసమే వచ్చి గడపలో నిలబడ్డారు. సంగతి విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆయమ్మకు పొయ్యండి సామీ. మేం ఇంగోసారి తాగుతాంలే" అన్నాడు తర్కం మాట్లాడినాయన.

"ఇంగోసారి ఎవురు పోస్తార్రా నీకు?" అన్నాడు వెనక నుంచి ఒకడు. కానీ వాడు కూడా పక్కకు జరిగి దారిచ్చాడు.

పోలీసుల ముందు కూర్చుని తినడానికి ఆమె ఒప్పుకోలేదు. షెడ్డులోనే గోడ వైపు తిరిగి కూర్చుంది. హెడ్ కానిస్టేబులు వడ్డించి బయటికి వచ్చాడు. సబ్ ఇన్‌స్పెక్టరు వరండాలో నా బల్ల మీద కూర్చుని, కేసు లేదని, ఆమెను వదిలేశామని తన చేత్తో రాశాడు. డాక్టరు గారు సంతకం పెట్టారు. ఇక ఆమె వేలిముద్ర ఒక్కటే కావాలి. వేలిముద్ర పడగానే హిందూపురం బండి ఎక్కించాలని షావుకారు మనిషిని కూడా పంపాడు.

కాగితం పట్టుకుని సబ్ ఇన్‌స్పెక్టరూ నేనూ షెడ్డు దగ్గరికి వెళ్ళాం. ఆమె విస్తరి ముందు అలాగే కూర్చుని, తల గోడకు ఆనించి, నిద్రపోతోంది. చెయ్యి కడుక్కోలేదు. ఎంగిలి చెయ్యి విస్తరి మీదే ఉంది, పాయసం వేళ్ళ మీద ఆరిపోతోంది. నేను "అమ్మా" అనబోయాను. అతను నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

బయట మెట్టు మీద కూర్చున్నాడు, కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని. ఎండ తగ్గింది. హిందూపురం బండి వెళ్ళిపోయింది. ఊళ్ళోవాళ్ళు ఏమైందో తెలుసుకుందామని గుంపుగా వచ్చి, "ఏం సామీ, కేసు ఉండాదా పోయిందా?" అని అరుస్తూ అడిగారు.

అతను చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

"మెల్లిగా మాట్లాడండి" అన్నాడు. "మనిషి పడుకుంది."